పియానో గురువు లెషెటిట్‌స్కీ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఈ గ్రామమునకు చేసిన సేవను నాకు ముందు ప్రసంగించిన పెద్దలు చక్కగా వివరించియున్నారు. దానిని మరల చెప్పి మీ కాలమును హరింపను. నన్ను ఈ సభకు ఆహ్వానించునప్పుడు కార్యవర్గమువారు ఒక సంగతి చెప్పిరి. రజతోత్సవము ముగిసిన పిమ్మట ఇచ్చటనే, పుస్తకముల గదికి ప్రక్కనున్న వసారాలో, సాయంకాలపు వేళ పిల్లలకు సంగీతము నేర్పింపవలెనని వారి సంకల్పమట. ఆ విషయమున గ్రామమున రెండు పక్షములున్నవని కూడ వినియున్నాను. మంచి స్వరపుస్తకములు తెప్పించి అల్మారాలో పెట్టి, ఫోనులో దొరకెడి పాఠములు పిల్లలకు చూపించినచో చాలును, జీతమిచ్చి ఉపాధ్యాయుని రప్పింపనేల అని ఒక పక్షము. గురువు లేని సంగీతము సంగీతమా అని రెండవ పక్షము. ఉభయ పక్షములవారును ఇప్పుడు నా యెదుటనే కూర్చుండియున్నారు కావున నేను కొంచెము జాగ్రత్తగా మాటలాడవలసియున్నది.

నేను తీర్పు చెప్పుటకు రాలేదు. ఒక ఉపాధ్యాయుని చరిత్ర చెప్పుటకు వచ్చితిని. ఆయన పేరు థియొడోర్ లెషెటిట్‌స్కీ. ఆయన మన దేశమువాడు కాడు. ఆయన నేర్పిన వాద్యము మన గ్రామములలో కానరాదు. అయినను ఆయననే యెన్నుకొనుటకు కారణమున్నది. ఐరోపాలో పియానో నేర్పినవారిలో ఆయన వలె అంతమంది గొప్ప వాదకులను తీర్చినవారు మిక్కిలి అరుదు. అట్టివాడు తనకు బోధనాపద్ధతి యనునది ఏదియు లేదని చెప్పుచుండెడివాడు. కాని ఆయన జీవించియుండగనే ఆయన పద్ధతిని వివరించు పుస్తకము నొకదానిని ఆయన శిష్యురాలే వ్రాసి ప్రకటించెను. ఆయన దానిని ఆమోదించెను. పుస్తకమా, గురువా యను మీ వాదము ఆయన యింటిలోనే జరిగినదని చెప్పవచ్చును.

ముందుగా పియానో యననేమో తెలియవలెను. మీలో పలువురు హార్మోనియము నెరుగుదురు. భజనమందిరమున నున్నదియు, నాటకములవారు తెచ్చునదియు అదియే. పియానోకు కూడ అట్టి మెట్లే యుండును. తెల్లనివి 52, నల్లనివి 36, మొత్తము 88. కాని పోలిక అంతటితో సరి. హార్మోనియమున తిత్తి గాలి నందించుచున్నంత సేపు స్వరము నిలుచును. పియానోలో మెట్టు నొక్కగనే లోపల ఉన్ని తొడిగిన చిన్న సుత్తి యొకటి ఎగసి, ఉక్కు తీగెను కొట్టి, వెంటనే వెనుకకు మరలును. కొట్టిన క్షణమున ధ్వని బలముగా నుండి, ఆపై క్షీణించుచు పోవును. సుత్తి తీగెను తాకిన పిమ్మట వాదకుని వ్రేలు ఆ స్వరమును పెంచజాలదు, వంచజాలదు. వీణపై వలె తీగెను లాగి గమకము పలికించుట అచ్చట పొసగదు. హార్మోనియమునకును ఈ గమకపు లోపమే యున్నది. ముఖ్యముగా ఆ కారణము చెప్పియే ఆకాశవాణివారు 1940లో దానిని నిషేధించి 1971 వరకు ఆ నిషేధమును సడలింపలేదు. మన భజనబృందములు మాత్రము దానిని విడువలేదు. అది యటుండనిండు. ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున బార్తొలొమేయో క్రిస్తొఫోరి యనునతడు 1700 ప్రాంతమున పియానోను నిర్మించినది మొదలు వాదకులందరికి ఒకటే చిక్కు. పుట్టిన క్షణము నుండియే అణగారిపోవు స్వరములను వరుసగా పేర్చి, మనిషి గొంతు పాడుచున్నట్లు వినిపించుట ఎట్లు? లెషెటిట్‌స్కీ జీవితమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరిగినది.

ఆయన 1830 జూన్ 22వ తేదీన నేటి పోలండు దేశములోని వాన్‌త్సుత్ అను పట్టణమున జన్మించెను. తండ్రి అచ్చటి పొటొట్‌స్కీ ప్రభువుల కోటలో సంగీతోపాధ్యాయుడు. తొలి పాఠములు తండ్రి వద్దనే జరిగెను. పిమ్మట వియన్నా నగరమున, పదునొకండేండ్ల ప్రాయమున, కార్ల్ చెర్నీ యను ప్రఖ్యాత గురువునకు శిష్యుడయ్యెను. ఈ చెర్నీ బాల్యమున బీథోవెన్ వద్ద నేర్చినవాడు. పిదప లిస్ట్ అను మహావాదకునకు చిన్నతనమున ఉచితముగా విద్య చెప్పినవాడు. మన సరళీవరుసలు, జంటవరుసల వలె వ్రేళ్లకు సాధన నిచ్చు పాఠములు చెర్నీ వందలకొలది వ్రాసెను. నేటికిని పియానో నేర్చు పిల్లలు అనేక దేశములలో వానితో కుస్తీ పట్టుచునే యున్నారు. లెషెటిట్‌స్కీ పదునాలుగవ యేటనే తాను కూడ శిష్యులను చేర్చుకొని పాఠములు చెప్పనారంభించెను. ఎనుబదవ యేడు దాటువరకు ఆ పని మానలేదు.

ఇరువది యేండ్లు వచ్చునప్పటికి ఆయన వియన్నాలో పేరుపడిన వాదకుడు. వ్రేళ్లు మెరుపువలె పరుగెత్తెడివి. ఆ కాలపు శ్రోతలు మెచ్చునదియు ఆ వేగమునే. 1850 ప్రాంతమున ఒక సాయంకాలము ఆ నగరమున ఒక గృహమున సంగీతగోష్ఠి జరిగెను. ప్రాగ్ నగరమునుండి వచ్చిన షూల్‌హాఫ్ అను యువవాదకుడు అచ్చట వాయించెను. వాయించినది గొప్ప కష్టసాధ్యమైన రచన కాదు. దుమారము లేదు, వేగప్రదర్శన లేదు. పాట యొక్క ప్రధాన స్వరము తక్కిన వాని నుండి వేరుపడి, గాయకుని గొంతు వలె పైకి తేలి వినబడెను. ఒక స్వరము తరువాతి స్వరములోనికి జారినట్లుండెను. ఆ గదిలోనున్న విద్వాంసులు చాలమంది చల్లగా ఊరకుండిరట! వారికి అందులో మెచ్చదగినది కానరాలేదు. లెషెటిట్‌స్కీ మాత్రము దానిని విని చలించిపోయెను.

ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపుడు. ఆ గదిలోని వారందరి చెవులలో పడినది ఒకటే ధ్వని. పదిమందికి అది సామాన్యము. ఒకనికి అది జీవితమును మార్చిన సంఘటన. ఆ యొకడు గొప్ప వాదకుడగుట చేత గ్రహించెనని చెప్పజాలము. గొప్ప వాదకులు అచ్చట మరికొందరు లేకపోలేదు. తన చేతిలో లేనిది ఎదుటివాని చేతిలో నున్నదని అంగీకరింపగల చెవి ఆయనకుండెను. మరునాటినుండి ఆయన సభలలో వాయించుట మానివైచి, కొన్ని మాసములపాటు ఇంటనే కూర్చుండి ఆ ధ్వనిని వెదకెను. మెట్టును కొట్టక నొక్కుట, మణికట్టును బిగువు లేక వదలియుంచుట, ఒక స్వరము అణగకముందే మరియొకదానిని దానికి తగిన బలముతో అందించుట, ఒకే చేతిలోని అయిదు వ్రేళ్లలో పాట నెత్తుకొన్న వ్రేలికి మాత్రము ఎక్కువ బరువిచ్చుట, ఇవన్నియు ఆ వెదకుటలో దొరకినవే. సుత్తి తీగెను కొట్టుటను ఎవరును మార్చలేరు. కొట్టుటకు ముందు చెవి యేమి కోరినదో దానిని బట్టియే దెబ్బ మారునని ఆయనకు బోధపడెను. పిదప అరువదియేండ్లకు పైగా ఆయన నేర్పినదంతయు ఆ మాసములలో తాను నేర్చుకొన్నదే యని నా యభిప్రాయము.

1852లో ఆయన రష్యాకు వెడలి సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున నివసించెను. 1862లో ఆంటన్ రూబిన్‌స్టైన్ అచ్చట సంగీత కళాశాలను స్థాపించినప్పుడు తోడ్పడి, పియానో శాఖకు అధిపతి అయ్యెను. ఈ యుద్యోగ విషయములు విస్తరింప నక్కరలేదు. 1878లో తిరిగి వియన్నా చేరి, తన గృహమునే పాఠశాలగా చేసికొనెను. కళాశాల లేదు, పట్టములు లేవు, పరీక్షలు లేవు. అయినను ఐరోపా, అమెరికా దేశములనుండి శిష్యులు ఆ యింటిని వెదకికొని వచ్చిరి.

ఆ యింటిలో బోధ జరిగిన తీరు వినుడు. క్రొత్తగా వచ్చినవారిని ఆయన నేరుగా తీసికొనుట అరుదు. ముందుగా కొందరు సహాయకులు, వారును ఆయన శిష్యులే, ఆ క్రొత్తవారికి చేయి నిలుపుట, వ్రేళ్ల సాధన మొదలగు పునాది పాఠములు చెప్పెడివారు. అది కొందరికి కొన్ని మాసములు, కొందరికి అంతకెక్కువ. ఆపైన గురువు గది. ఆ గదిలో రెండు పియానోలుండెను. ఒకదాని యొద్ద శిష్యుడు, రెండవదాని యొద్ద గురువు. మాటలతో చెప్పలేనిదానిని ఆయన వెంటనే వాయించి చూపును. శిష్యుడు ఎట్లు వాయించెనో కూడ వాయించి చూపును. ఈ రెండవది బహు కఠినమైన పాఠము. మనము పలికినది ఇట్లున్నదా యని మనమే తెల్లబోవుదుము.

బుధవారము సాయంకాలములందు శిష్యులందరు సమావేశమగుదురు. ఒకరు వాయింప తక్కినవారు వినవలెను. అది కచేరీ వంటిదే గాని, కచేరీకంటె భయంకరము. ఏలయన వినువారందరును ఆ రచనను తామును సాధన చేసినవారు. ఎవరు ఎచ్చట తడబడినది వారికి దాచలేము. వినుట యనునది ప్రత్యేకముగా నేర్వవలసిన విద్య యని ఆ సాయంకాలములు నేర్పెడివి.

ఇక సాధన విషయము. గంటలకొలది మెట్లపై చేతులాడించుచు మనస్సును వేరొకచోట విడిచిపెట్టు సాధన ఆయనకు గిట్టదు. ఒక రచనలో ఒకటి రెండు ఆవర్తములంత భాగమును మాత్రము తీసికొనుమనెడివాడు. ముందు చేతులు ఒడిలో పెట్టుకొని ఆ భాగమును కంటితో చదువవలెను. ఏ స్వరము తరువాత ఏది, ఏ వ్రేలు ఎచ్చట, పాట యే చేతిలో నున్నది, ఎచ్చట ఊపిరి తీసికొనవలెను, ఇవన్నియు మనస్సున నిలుపవలెను. అది లోపల వినబడవలెను. అటుపిమ్మట కాగితమును చూడకయే వాయింపవలెను. తప్పినచో మరల మరల చేతులతో ప్రయత్నించుట కాదు. చేతులు దించి మరల ఆలోచింపవలెను. అది స్థిరపడిన పిమ్మటనే తరువాతి భాగము. మొదట ఇది నత్తనడకగా తోచును. కాని యిట్లు నేర్చినది మరచిపోవుట కష్టము. సభలో చేయి వణకినను మనస్సు దారి తప్పదు.

మన యిండ్లలో పిల్లలు పద్యములు వల్లెవేయు తీరు మీకు తెలియును. నోరు పరుగెత్తుచుండును, చూపు వీధిలో నుండును. మధ్యలో ఆపి తరువాతి పాదమేమని యడిగినచో చెప్పలేరు. మరల మొదటినుండి యెత్తుకొనవలెను. లెషెటిట్‌స్కీ సహింపనిది సరిగా అదియే.

ఇప్పుడు పుస్తకము మాట. మాల్వినె బ్రే అను నామె ఆయన సహాయకులలో ముఖ్యురాలు. ఆమె ఆయన బోధన మూలసూత్రములను వివరించుచు 1902లో ఒక గ్రంథము ప్రకటించెను. చేయి కమానువలె ఎట్లు నిలుపవలెను, వ్రేళ్లు ఎట్లు వంచవలెను, బొటనవ్రేలు ఎట్లు క్రిందుగా జరుగవలెను, అంతయు అందున్నది. గురువు చేతినే ఛాయాచిత్రములు తీసి 47 బొమ్మలు చేర్చిరి. లెషెటిట్‌స్కీ దానికొక లేఖ వ్రాసి యిచ్చెను. సిద్ధాంతపద్ధతులను బోధించు గ్రంథములకు తాను మిత్రుడను కానని చెప్పుచునే, ఈ గ్రంథము తన యభిప్రాయములను సరిగా తెలుపుచున్నదని అందు ఒప్పుకొనెను. కొందరు దీనిని పరస్పర విరుద్ధమందురు. నాకట్లు తోచదు. ఆ పుస్తకము సహాయకులు చెప్పు పాఠములకు పుస్తకము. గురువు గదిలో జరుగునది అందు లేదు. చేతికి బొమ్మ తీయవచ్చును. షూల్‌హాఫ్ వాయించిన నాటి రాత్రి ఆయన చెవికి జరిగినదానికి బొమ్మ తీయు యంత్రము లేదు.

తనకు పద్ధతి లేదని ఆయన యనుటకు మరియొక యర్థము కలదు. ఇద్దరు శిష్యుల చరిత్ర చెప్పినచో అది తెలియును.

మొదటివాడు పోలండు దేశీయుడగు పాదెరెవ్‌స్కీ. 1884లో ఆయన వియన్నా చేరునప్పటికి వయస్సు 24. లెషెటిట్‌స్కీ ఆయన వాయించుట విని, చాల ఆలస్యముగా వచ్చితివని చెప్పెను. అది వాస్తవము. అయినను విడిచిపెట్టలేదు. పిల్లలు చేయు చెర్నీ పాఠములనుండి మరల మొదలు పెట్టించెను. స్వదేశమున ఉపాధ్యాయుడుగా నుండిన యువకుడు పిల్లల పాఠములకు కూర్చుండుట ఎంత కష్టమో యూహింపుడు. ఆయన కూర్చుండెను. నాలుగేండ్లలోపల వియన్నాలోను, 1888లో పారిస్‌లోను ఆయన కచేరీలకు జనము విరగబడిరి. 1919లో పోలండు స్వతంత్రదేశమై నిలిచినప్పుడు ఆయనయే ఆ దేశమునకు ప్రధానమంత్రి. వెర్సాయ్ సంధిపత్రముపై సంతకము చేసెను. తనకు పని చేయుట నేర్పినవాడు లెషెటిట్‌స్కీ యని ఆయన తరువాత స్మరించుకొనెను. వాయించుట నేర్పెననలేదు, గమనింపుడు.

రెండవవాడు ఆర్టుర్ ష్నాబెల్. 1891లో తొమ్మిదేండ్ల బాలుడుగా వచ్చెను. తక్కిన బాలురు లిస్ట్ వ్రాసిన హంగేరియన్ రాప్సొడీలు మొదలగు మెరుపుల రచనలతో సభలను మురిపించుచుండగా, గురువు ఈ బాలునకు అవి వాయింపనీయక, అప్పటికి ఎవరును అంతగా వాయింపని షూబర్ట్ సొనాటాలను చూడుమనెను. ఈ పిల్లవానిలో నున్నది వేగము కాదు, సంగీతముపై ధ్యానమని ఆయన కనిపెట్టెను. ష్నాబెల్ పెద్దవాడై 1932 నుండి 1935 వరకు బీథోవెన్ వ్రాసిన 32 పియానో సొనాటాలను మొదటిసారిగా పూర్తిగా రికార్డు చేసెను. షూబర్ట్ సొనాటాలకు లోకమున మరల గౌరవము కలిగించినవారిలో ఆయనయే ముఖ్యుడు. ఒకనికి పిల్లల పాఠములు, మరియొకనికి పెద్దలును ముట్టని రచనలు. ఇరువురికి ఒకే పుస్తకము నిచ్చియుండినచో ఏమగునో చెప్పజాలను.

గురువునందు దోషములు లేవని చెప్పుటకు నాకు నోరు రాదు. ఆయనకు కోపము మెండు. ఆయన గదినుండి ఏడ్చుచు వెడలినవారు పలువురని శిష్యులే వ్రాసియున్నారు. మరుసటి పాఠమున ఆప్యాయముగా పలుకరించుటయు కలదట. అట్టి కోపము చేతనే శిష్యులు బాగుపడిరని వాదించువారు నేటికిని కలరు. మన పాఠశాలలలోను బెత్తము చేతనే చదువు వచ్చెనను పెద్దలున్నారు గదా. బెత్తము చేత చదువు మానినవారి లెక్క ఎవరు వ్రాసిరి? ఏడ్చి వెడలి మరల రానివారి పేర్లు చరిత్రలో నిలువవు. ఆయన యొద్ద నేర్వవలసినవి చాల కలవు. ఇది మాత్రము వానిలో చేర్చకుడు.

పరంపర యెట్లు మారునో కూడ చూడుడు. అన్నెట్ ఎస్సిపోవా యను నామె ఆయన శిష్యురాలు. 1880లో ఆయనను వివాహమాడి, 1892లో విడిపోయెను. పిమ్మట పీటర్స్‌బర్గు కళాశాలలో ఆచార్యురాలయ్యెను. మహావాదకురాలు. ఆమె యొద్ద నేర్చిన ప్రొకోఫియెవ్, ఆమె శిష్యులందరిని ఒకే అచ్చులో పోయజూచెనని తరువాత వ్రాసికొనెను. ఆ యువకుడు లొంగలేదు. 1914లో కళాశాల చివరి పోటీలో తాను స్వయముగా రచించిన సంగీతమునే వాయించి బహుమానము పొందెను. పద్ధతి లేదన్న గురువు ఇంటినుండి వచ్చిన విద్యయే ఒక తరము గడచునప్పటికి పద్ధతిగా గట్టిపడెను. అయినను ప్రొకోఫియెవ్ వ్రేళ్లకు ఆ బలము ఎచ్చటినుండి వచ్చెనని యడిగినచో, ఆమె పేరే చెప్పవలసివచ్చును. ఈ చిక్కు అంత సులభముగా విడిపోదు.

మరియొక శిష్యుని గురించి చెప్పక మానలేను. వియన్నాలోని ధనిక కుటుంబమున పుట్టిన పాల్ విట్‌గెన్‌స్టైన్ మొదట మాల్వినె బ్రే వద్దను, పిదప లెషెటిట్‌స్కీ వద్దను నేర్చెను. 1914లో యుద్ధమునకు పోయి, గాయపడి, కుడిచేయిని పోగొట్టుకొని, రష్యనులకు బందీగా చిక్కెను. పియానో వాదకునకు కుడిచేయి పోయిన తరువాత ఏమి మిగులును? ఆయన ఎడమచేతితోనే సాధన చేయనారంభించెను. విడుదలై వచ్చిన పిదప గొప్ప రచయితలను ప్రార్థించి ఒంటిచేతికి రచనలు వ్రాయించుకొనెను. ఫ్రెంచి రచయిత రవెల్ ఆయనకొరకు వ్రాసిన ఎడమచేతి కన్‌చెర్టో 1932 జనవరిలో వియన్నాలో మొదటిసారి వినబడెను. కన్నులు మూసికొని వినినచో ఒక చేయి వాయించుచున్నదని ఎవరును అనుకొనరు. యుద్ధమునకు ఎన్నో యేండ్ల ముందే లెషెటిట్‌స్కీ తాను కూడ ఎడమచేతికి మాత్రమే యొక రచన చేసియుండెను. ష్నాబెల్ శిష్యుడగు లియోన్ ఫ్లైషర్ అను అమెరికా వాదకునకు 1960లలో వ్యాధిచేత కుడిచేతి వ్రేళ్లు ముడుచుకొనిపోగా, ఆయనయు ఎడమచేతి రచనలతోడను, శిష్యులకు నేర్పుటతోడను చాలకాలము గడపెను. 2020లో మరణించెను. చేయి పోయినను విద్య పోని మనుష్యులు ఒకే గురుపరంపరలో ఇద్దరు కానవచ్చుట నన్ను ఎప్పుడును ఆశ్చర్యపెట్టును. విద్య చేతిలోనే యుండియుండినచో చేతితోడనే పోయియుండును.

పరంపర యనగా మనకు క్రొత్తది కాదు. లెషెటిట్‌స్కీ వియన్నాలో బాలుడుగా చెర్నీ వద్ద నేర్చిన ఆ దశకమున, 1847లో, తిరువయ్యారున త్యాగరాజస్వామి సిద్ధి పొందెను. ఆయన శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయనకు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయనకు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఆయనకు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. పంతులుగారి పాట వేరు, బాలమురళిగారి పాట వేరు. శిష్యుడు తన నీడ కావలెనని పంతులుగారు పట్టుబట్టియుండినచో మనము ఎంత పోగొట్టుకొనియుందుమో!

ఇప్పుడు మన వసారాకు వచ్చెదను. పుస్తకములు తెప్పింపుడు, తప్పక తెప్పింపుడు. సరళీవరుసలకు, గీతములకు, వర్ణములకు స్వరపరచిన మంచి పుస్తకములున్నవి. అవి మాల్వినె బ్రే గ్రంథము చేసిన పనిని చేయును. ఫోను కూడ ఉపయోగింపుడు. మహావిద్వాంసుల గానమును ఈ గ్రామపు బాలిక యిట్లు కోరిన క్షణమున వినగలుగుట మా బాల్యమున లేని భాగ్యము. శ్రుతి తప్పినదని చూపెడి యంత్రములు కూడ నేడు కలవని నాకు తెలియును. కాని తప్పినది భయము చేతనా, ఊపిరి చాలకనా, ఆ బిడ్డ కంఠమునకు ఆ శ్రుతియే సరిపడకనా యని చూచి, నేడు ఇది వద్దు, రేపు వేరొకటి పాడుదమని చెప్పుటకు ఎదుట ఒక మనిషి కూర్చుండవలెను.

ఆ మనిషి మహావిద్వాంసుడు కానక్కరలేదు. పట్టణమునుండి వారమునకు ఒకనాడు వచ్చినను చాలును. అతనిని ఎన్నుకొనునప్పుడు అతని పాట వినుడు గాని, అంతకంటె ముఖ్యముగా, ఒక పిల్ల పాడుచుండగా అతడు ఎట్లు వినునో చూడుడు. గోడ గడియారమును చూచునా, పిల్లను చూచునా? తప్పు దొర్లినచో వెంటనే అరచునా, ఆ తప్పు ఎచ్చటినుండి వచ్చెనో వెదకునా? మరియు వారమున ఒక సాయంకాలము పిల్లలనందరిని ఒకచోట కూర్చుండబెట్టి, ఒకరు పాడ తక్కినవారు నిశ్శబ్దముగా వినునట్లు చేయుడు. దీనికి ఖర్చు లేదు. పుస్తకముల గది ప్రక్కనే యున్నది కావున నిశ్శబ్దము ఎట్లును అలవాటే. జీతము విషయమున మాత్రము ఒక మాట. గ్రామములలో సంగీతోపాధ్యాయునకు జీతము పండుగ చందావలె వసూలు చేయుదురు. మూడు మాసములకు అది ఆగును, ఆయన పోవును. చందాదారులగు మీరు సంవత్సరమునకు సరిపడు సొమ్ము ముందుగానే గ్రంథాలయపు లెక్కలో జమకట్టి, పిమ్మటనే ఉపాధ్యాయునకు ఉత్తరము వ్రాయుడు.

లెషెటిట్‌స్కీ 1915 నవంబరు 14న జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున మరణించెను. ఆయన వాయించినది వినవచ్చునా యని మీకు సందేహము కలుగవచ్చును. వినవచ్చును. 1906లో, 75 ఏండ్ల ప్రాయమున, ఆయన వెల్టె సంస్థవారి పియానో యొద్ద కూర్చుండి కొన్ని రచనలు వాయించెను. అది ఆయన నొక్కిన మెట్లను పొడుగాటి కాగితపు చుట్టపై గుర్తించు యంత్రము. ఆ గుర్తులను బట్టి రంధ్రములు పొడిచిన చుట్టను తగిన పియానోలో పెట్టి త్రిప్పినచో మెట్లు వానియంతట అవియే దిగును. వానిలో షోపేన్ వ్రాసిన ఒక నాక్టర్న్ కలదు. వృద్ధాప్యము చేత కొంత తడబాటున్నను, ఎడమచేయి ఒకింత ముందుగా పలుకగా, కుడిచేతి పాట దానిపై తేలి వచ్చుట స్పష్టముగా తెలియును. ఆ కాలపు వాదకుల అలవాటది. దాని రికార్డు నా ఫోనులో నున్నది. సభ ముగిసి తేనీరు పుచ్చుకొన్న తరువాత కోరినవారు వసారాలోనికి రండు. పిల్లలను ముందు వరుసలో కూర్చుండనిండు. సెలవు.